అందరూ దిగాక వెతకాల్సింది ఎవరు?

విమానం ఆగి తలుపు తెరిచాక ప్రయాణికుడి దృష్టంతా సామాను మీదా, బయట ఎదురుచూసేవాళ్ళ మీదా ఉంటుంది. లోపల మిగిలిన సిబ్బందికి అప్పుడే ఒక పని మొదలవుతుంది. తలా కొన్ని వరసలు పంచుకుని నడుస్తూ తలపై అరలు తెరిచి చూస్తారు. సీటు వెనక జేబుల్లో చెయ్యి పెడతారు. వంగి సీట్ల కింద చూస్తారు. టాయిలెట్‌లో చెత్తబుట్ట మూత ఎత్తుతారు. అంతా చూశాక తమ వైపు ఏమీ లేదని క్యాబిన్ సిబ్బందిలో పెద్దకి చెబుతారు. అయిదు పది నిమిషాల్లో ముగిసే పని. ఎవరూ చప్పట్లు కొట్టని పని.

దీన్ని కనిపెట్టినవారు ఫలానా అని ఒక పేరు చెప్పడం కుదరదు. దీనికి పేటెంటు లేదు, ప్రయోగశాల లేదు. డెబ్బై ఎనభై ఏళ్ళలో ఒక్కో ముక్కగా తయారైంది. సిబ్బంది చేతిలోని తనిఖీ జాబితాలో సీటు దిండు, తలపై అర, లైఫ్ జాకెట్ అంటూ వరసగా కనిపించే మాటల్లో చాలావాటి వెనక ఒక తేదీ, ఒక మరణం ఉన్నాయి.

చీపురుతో మొదలు

1930 మే 15న ఎలెన్ చర్చ్ అనే అమెరికన్ నర్సు ఓక్లాండ్‌లో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానం ఎక్కింది. ప్రపంచంలో మొదటి ఎయిర్‌హోస్టెస్ ఆమే. నిజానికి ఆమె పైలట్ కావాలనుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు. నర్సు పక్కనుంటే ప్రయాణికులకు భయం తగ్గుతుందని ఆ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో అధికారి స్టీవ్ స్టింప్సన్‌ను ఒప్పించింది. అలా ఎనిమిది మంది నర్సులు ఉద్యోగంలో చేరారు.

ఓక్లాండ్ నుంచి షికాగోకి ఇరవై గంటల ప్రయాణం, దారిలో పదమూడు చోట్ల ఆగడం. వాళ్ళకు అప్పగించిన పనుల జాబితా చూస్తే ఇప్పటివాళ్ళకు నవ్వొస్తుంది. క్యాబిన్ ఊడవాలి, దుమ్ము దులపాలి, ఈగలు తోలాలి, సీట్లను నేలకు బిగించిన మరలు వదులయ్యాయేమో చూసి బిగించాలి. టాయిలెట్ తలుపనుకుని ఎవరైనా బయటి తలుపు తెరవకుండా కనిపెట్టుకుని ఉండాలి. క్యాబిన్‌ను ఒక కంట కనిపెట్టడం లోపలి సిబ్బంది బాధ్యతే అన్న ఆలోచన ఇక్కడే మొదలైంది. అప్పటికి ఉద్దేశం శుభ్రత, సౌకర్యం. వెళ్ళిపోయినవాడు చావును వదిలి వెళ్ళగలడని అప్పుడు ఎవరికీ తోచలేదు.

రెండు హెచ్చరికలు

నాలుగేళ్ళు తిరగకుండానే తోచాల్సి వచ్చింది. 1933 అక్టోబరు 10న నెవార్క్ నుంచి క్లీవ్‌లాండ్ మీదుగా షికాగో వెళుతున్న యునైటెడ్ వారి బోయింగ్ 247 విమానం ఇండియానాలోని చెస్టర్టన్ దగ్గర గాలిలో పేలిపోయింది. ఏడుగురూ చనిపోయారు. విమానం వెనక భాగంలో, టాయిలెట్‌కూ సామాను గదికీ దగ్గరలో పేలుడు పదార్థం ఉందని దర్యాప్తులో తేలింది. ప్రయాణికుల విమానంలో బాంబు పెట్టారని రుజువైన మొదటి ఘటన ఇది. పెట్టింది ఎవరో ఈనాటికీ తేలలేదు.

రెండో హెచ్చరిక మన విమానానికే తగిలింది. 1955 ఏప్రిల్ 11న ఎయిర్ ఇండియా వారి 'కాశ్మీర్ ప్రిన్సెస్' బాండుంగ్ సదస్సుకు వెళ్ళే ప్రతినిధులతో హాంకాంగ్ నుంచి జకార్తా బయలుదేరింది. గురి చైనా ప్రధాని చౌ ఎన్‌లై మీద. ఆయన ఆ విమానం ఎక్కలేదు. చక్రాలు ముడుచుకునే గూట్లో పెట్టిన బాంబు సముద్రం మీద పేలింది. పందొమ్మిది మందిలో పదహారు మంది చనిపోయారు. హాంకాంగ్‌లో విమానం ఆగిన కాస్సేపట్లో దాన్ని శుభ్రం చేసే పనివాడే ఆ బాంబు పెట్టాడని దర్యాప్తు తేల్చింది. అతను తైవాన్‌కు పారిపోయాడు.

ఆగిన చోట విమానం దగ్గరికి ఎవరెవరు వస్తున్నారు, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఎవరు చూస్తున్నారు అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. దానికి గట్టి జవాబు రావడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

సీటు కింద, తల పైన

1960, 70ల్లో లోకం హైజాకింగులతో బెంబేలెత్తిపోయింది. దానికి విరుగుడుగా మెటల్ డిటెక్టర్లు, ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి. ఇవన్నీ ఎక్కేవాడిని చూసే ఏర్పాట్లు. తుపాకీ పట్టుకుని ఎక్కేవాడు చివరిదాకా విమానంలోనే ఉంటాడు కాబట్టి ఆ కాలానికి ఆ లెక్క సరిపోయింది. 80ల్లో వచ్చినవాళ్ళు వేరే రకం. టికెట్టు కొని, మర్యాదగా కూర్చుని, మధ్యలో ఆగినచోట దిగిపోయేవాళ్ళు.

1982 ఆగస్టు 11. పాన్ యామ్ 830 టోక్యో నుంచి హొనొలులుకి వెళుతోంది. హవాయికి దగ్గరవుతుండగా ఒక కిటికీ సీటు దిండు కింద బాంబు పేలింది. అక్కడ కూర్చున్న పదహారేళ్ళ జపాన్ కుర్రవాడు చనిపోయాడు. అమ్మానాన్నలతో సెలవులకు బయలుదేరిన పిల్లవాడు. విమానం ఎలాగో క్షేమంగా దిగింది. అంతకుముందు అంచెలో అదే సీట్లో టోక్యో దాకా వచ్చి దిగిపోయిన మొహమ్మద్ రషీద్ ఆ బాంబు పెట్టాడు. అతన్ని 1988లో గ్రీసులో పట్టుకున్నారు. తర్వాత అమెరికా కోర్టులో 2002లో నేరం ఒప్పుకున్నాడు.

1986 ఏప్రిల్ 2. రోమ్ నుంచి ఏథెన్స్ వెళుతున్న టీడబ్ల్యూఏ 840లో 10ఎఫ్ సీటు దగ్గర పేలుడు. విమానం పక్కగోడకు పడిన కంతలోంచి నలుగురు బయటికి కొట్టుకుపోయారు. వాళ్ళలో ఒక పసిబిడ్డ. అదే విమానం ఆ ఉదయం కైరో నుంచి ఏథెన్స్ మీదుగా రోమ్ వచ్చింది. ఆ అంచెలో ఆ సీట్లో కూర్చుని ఏథెన్స్‌లో దిగిన ఒక మహిళ మీద అనుమానం పడింది. తనకేమీ తెలియదని ఆమె అంది.

1987 నవంబరు 29. బాగ్దాద్ నుంచి అబూధాబి, బ్యాంకాక్ మీదుగా సోల్ వెళ్ళాల్సిన కొరియన్ ఎయిర్ 858. తండ్రీకూతుళ్ళమని చెప్పుకుంటూ జపాన్ పాస్‌పోర్టులతో ఇద్దరు బాగ్దాద్‌లో ఎక్కారు. ఒక రేడియోలోనూ, మద్యం సీసాలోనూ పేలుడు పదార్థం నింపి తలపై అరలో పెట్టి అబూధాబిలో దిగిపోయారు. అరలోని సంచీ దిగలేదు. అండమాన్ సముద్రం మీద విమానం ముక్కలైంది. 115 మందీ చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది గల్ఫ్ ప్రాంతంలో నిర్మాణ పనులకు వెళ్ళి సొంత ఊళ్ళకు తిరిగొస్తున్న దక్షిణ కొరియా కార్మికులు. దిగిపోయిన ఇద్దరూ ఉత్తర కొరియా గూఢచారులు, బహ్రెయిన్‌లో పట్టుబడ్డారు. విషం మింగి ఒకరు చనిపోయారు. రెండో మనిషి కిమ్ హ్యోన్ హుయి బతికి అంతా చెప్పింది.

మూడు ఘటనల్లోనూ పథకం ఒక్కటే. ముందు అంచెలో వచ్చినవాడు వదిలి వెళ్ళాడు, తర్వాతి అంచెలో కూర్చున్నవాడు చనిపోయాడు. అబూధాబిలో ఎవరైనా ఆ అర తెరిచి 'ఈ సంచీ ఎవరిది?' అని అడిగి ఉంటే, జవాబు చెప్పే మనిషి విమానంలో లేడని తెలిసిపోయేది. 115 ప్రాణాలకు అంత చిన్న ప్రశ్న అడ్డుపడేది.

లైఫ్ జాకెట్ జేబు

ఇంత జరిగాక కూడా ఒక చోటు మిగిలిపోయింది. 1994 డిసెంబరు 11న ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ 434 మనీలా నుంచి సెబూ మీదుగా టోక్యోకి బయలుదేరింది. మనీలాలో దొంగ పేరుతో ఎక్కిన రంజీ యూసుఫ్ టాయిలెట్‌లో కూర్చుని బాంబు తయారుచేశాడు. కాంటాక్ట్ లెన్సు ద్రవం సీసాలో నైట్రోగ్లిసరిన్, టైమరుగా చేతి గడియారం. 26కె సీటు కింద లైఫ్ జాకెట్ ఉంచే సంచీలో దాన్ని దాచి సెబూలో దిగిపోయాడు.

అతను పదేపదే సీట్లు మారడం ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించింది. ఆమె డ్యూటీ సెబూతో ముగిసింది. దేశీయ అంచె సిబ్బంది అక్కడ దిగిపోయారు, అంతర్జాతీయ అంచె సిబ్బంది ఎక్కారు. ఆమె చూసిన విషయం వాళ్ళకు చేరలేదు. దాదాపు నాలుగు గంటల తర్వాత బాంబు పేలి, ఆ సీట్లో ఉన్న ఇరవై నాలుగేళ్ళ జపాన్ వ్యాపారి చనిపోయాడు. యూసుఫ్ లెక్క ప్రకారం ఆ సీటు కింద మధ్య ఇంధన ట్యాంకు ఉండాలి. ఆ విమానంలో సీట్ల అమరిక కొంచెం వేరు కావడంతో ట్యాంకు తప్పించుకుంది. స్టీరింగు సరిగా పనిచేయకపోయినా కెప్టెన్ ఎడ్వార్డో రేయెస్ విమానాన్ని ఒకినావాలోని నాహాలో దింపి మిగతా అందరినీ కాపాడాడు.

ఇది రిహార్సల్ మాత్రమే. 1995 జనవరిలో మనీలాలోని యూసుఫ్ బసలో మంటలు లేచి పోలీసులు వచ్చినప్పుడు అసలు పథకం బయటపడింది. ఇదే పద్ధతిలో, మొదటి అంచెలో బాంబు పెట్టి దిగిపోతూ, పసిఫిక్ మీద పదికి పైగా అమెరికా విమానాలను ఒకేసారి పేల్చాలన్నది 'బొజింకా' కుట్ర. యూసుఫ్ ఆ ఫిబ్రవరిలో ఇస్లామాబాద్‌లో పట్టుబడ్డాడు.

ఈ ఘటన నేర్పింది ఒక్క లైఫ్ జాకెట్ సంచీ గురించే అయితే అది చిన్న పాఠం. సిబ్బంది మారేచోట సమాచారం జారిపోతుందన్నది పెద్ద పాఠం. అందుకే తనిఖీతో పాటు అప్పగింత కూడా ముఖ్యమైంది. దిగే సిబ్బంది తాము చూసింది ఎక్కే సిబ్బందికి చెప్పి వెళ్ళాలి.

కాగితం మీదికి, గోడల్లోకి

విమానయానానికి అంతర్జాతీయ నియమాలు రాసేది ఐక్యరాజ్యసమితి సంస్థ ఐకావో. 1944 నాటి షికాగో ఒప్పందానికి భద్రత గురించి 17వ అనుబంధాన్ని అది 1974 మార్చి 22న ఆమోదించింది. తర్వాత సవరణల మీద సవరణలు జరిగాయి. బయలుదేరే విమానం లోపలంతా ప్రయాణికుల చెయ్యి తగిలే చోట్లను తనిఖీ చేయాలన్నది అందులో ఒక సూత్రం. దిగిపోయిన ప్రయాణికులు వదిలిన ప్రతి వస్తువునూ విమానం మళ్ళీ ఎగిరేలోగా తీసేయాలి, లేదా దాని సంగతి తగిన విధంగా తేల్చాలి అన్నది మరో సూత్రం.

ఈ సూత్రాలను అమలు చేయించే బాధ్యత ప్రభుత్వాలది. చేతులు ఎవరివన్నది దేశాన్ని బట్టి, విమాన సంస్థను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల క్యాబిన్ సిబ్బందే వెతుకుతారు, కొన్నిచోట్ల సంస్థ భద్రతా ఉద్యోగులు వచ్చి వెతుకుతారు. చాలాచోట్ల ఇద్దరూ. అనుమానం కలిగించే వస్తువు కనిపిస్తే ముట్టుకోకూడదు, కదపకూడదు, కెప్టెన్‌కి చెప్పాలన్నది అందరికీ ఒకే మాట.

మన దేశంలో 1976లో జరిగిన హైజాకింగ్ తర్వాత, పాండే కమిటీ సిఫార్సు మీద 1978లో పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ)లో ఒక విభాగంగా పౌర విమానయాన భద్రతా బ్యూరో మొదలైంది. 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా విమానం 'కనిష్క' పేలి 329 మంది చనిపోయాక, 1987 ఏప్రిల్ 1 నుంచి అది స్వతంత్ర శాఖ అయింది. మధ్యలో ఆగి మళ్ళీ ఎగిరే విమానాల్లో ముందుకు వెళ్ళేవాళ్ళను సీట్లలోనే ఉండమని, ఎయిర్‌హోస్టెస్ అరలు తెరిచి ఒక్కో బ్యాగు మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడగడం మనకు పరిచయమే. కొరియన్ 858లో ఎవరూ అడగని ప్రశ్న అదే.

వెతకడం కళ్ళతో చేసే పని కాబట్టి కళ్ళకు అందేలా విమానాన్నే కట్టాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. 2008లో అమెరికా విమానయాన శాఖ కొత్తగా రూపొందించే పెద్ద విమానాలకు కొన్ని షరతులు పెట్టింది. తలపై అరల మీద ఖాళీల్లో దాచిన వస్తువు నడవాలో నిలబడి మామూలుగా చూసినా కనబడాలి. టాయిలెట్ గొట్టంలోకి రెండు అంగుళాల కంటే లావైన గట్టి వస్తువు దిగకూడదు. లైఫ్ జాకెట్‌ను గానీ అది ఉంచిన చోటును గానీ ఎవరైనా కెలికితే ఆ సంగతి పైకే తెలిసిపోవాలి. ఈ చివరి షరతు చదివితే 26కె సీటు గుర్తుకు రాక మానదు. సిబ్బంది నోటి మాటగా ఉన్న పాఠం ఇలా ఇంజనీర్ల బొమ్మల్లోకి ఎక్కింది.

పది నిమిషాల గడియారం

వెతుకులాటకు శత్రువు తొందర. దాని కథ కూడా అమెరికాలోనే మొదలైంది. 1972లో టెక్సస్‌లోని సౌత్‌వెస్ట్ సంస్థ డబ్బు ఇబ్బందుల్లో పడి తన నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసింది. టైమ్‌టేబుల్ మాత్రం తగ్గించదలచుకోలేదు. మూడింటితోనే నడవాలంటే విమానం నేల మీద పది నిమిషాలకు మించి ఉండకూడదని లెక్క తేలింది. క్లీనర్ల కోసం ఆగకుండా ఎయిర్‌హోస్టెస్‌లే దిగేవాళ్ళ వెనకే చెత్త ఏరుతూ, సీటు బెల్టులు సర్దుతూ వచ్చారు. తర్వాత పుట్టిన చౌక విమాన సంస్థల్లో చాలా ఈ దారి పట్టాయి.

ఇందులో ఒక లాభం ఉంది. ఒక్కో వరసనూ తన చేత్తో సర్దే మనిషికి వదిలేసిన వస్తువు కంటపడకుండా పోదు. నష్టమూ ఉంది. శుభ్రం చేయడం, భద్రత చూడటం ఒకే మనిషి మీద, అదే పది నిమిషాల్లో పడితే కన్ను చెత్తను చూస్తుంది, చెత్త కానిదాన్ని దాటేస్తుంది. సీటు నీటుగా కనబడితే వెతికినట్టే అనిపిస్తుంది. రెండూ ఒకటి కావు.

బాంబు కోసం వెతికితే దొరికినవి

ప్రాణాల కోసం పుట్టిన ఈ తనిఖీకి వేరే ఫలితాలూ వచ్చాయి. 2013 ఆగస్టులో మన ప్రభుత్వం బంగారం దిగుమతి సుంకాన్ని పది శాతానికి పెంచాక దొంగ రవాణా పెరిగింది. విదేశాల నుంచి వచ్చే అంచెలో ఒకడు సీటు కిందో టాయిలెట్‌లోనో బంగారం దాచి దిగిపోతాడు. అదే విమానం దేశంలో మరో ఊరికి వెళ్ళేటప్పుడు రెండోవాడు ఎక్కి దాన్ని తీసుకుని, కస్టమ్స్ తనిఖీ లేని దారిలో బయటపడతాడు. పద్ధతి పాన్ యామ్ 830ది, సరుకు వేరు. ఆ నవంబరులోనే కోల్‌కతాలో శుభ్రం చేసేవాళ్ళకు ఒక విమానం టాయిలెట్‌లో 24 బంగారు కడ్డీలు దొరికాయి. శంషాబాద్‌లో సీటు కిందా, టాయిలెట్‌లోనూ బంగారం పట్టుబడిందన్న వార్తలు మన పత్రికలకు కొత్త కాదు.

2022 జనవరి 1న మడగాస్కర్ నుంచి మారిషస్ చేరిన విమానంలో, ప్రయాణికులు దిగాక చేసిన తనిఖీలో టాయిలెట్ చెత్తబుట్టలో అప్పుడే పుట్టిన మగబిడ్డ కనిపించాడు. బతికి ఉన్నాడు. ఆస్పత్రికి చేర్చారు. ఆ మూత ఎత్తకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

తనిఖీ తప్పిపోయిన ఉదాహరణలూ ఉన్నాయి. 2019 జూన్‌లో క్యుబెక్ నుంచి టొరంటో వచ్చిన ఎయిర్ కెనడా విమానంలో నిద్రపోయిన ఒక ప్రయాణికురాలికి మెలకువ వచ్చేసరికి చుట్టూ చీకటి, చలి. విమానం తీసుకెళ్ళి ఒక పక్కన నిలిపేశారు. ఫోనులో ఛార్జింగ్ లేదు. కాక్‌పిట్‌లో దొరికిన టార్చితో తలుపు దగ్గర నిలబడి వెలుగు ఊపితే సామాను బండి నడిపే అతను చూశాడు. సంఘటన నిజమేనని ఒప్పుకుని సంస్థ విచారణ చేపట్టింది. పూర్తి మనిషే కంటపడకపోతే అరచేతిలో ఇమిడే సీసా కంటపడుతుందా అన్న ప్రశ్న అక్కడ న్యాయమైనదే.

ఇన్ని యంత్రాలు వచ్చినా ఖాళీ క్యాబిన్‌లో సీటు సీటుకీ వంగి చూసే యంత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. ఆ పని మనుషులదే. కాబట్టి దానికి సమయం ఇవ్వాల్సింది విమాన సంస్థలు. పది నిమిషాలు మిగుల్చుకోవడానికి తనిఖీని శుభ్రతలో కలిపేయడం ఈ కథంతా మరిచిపోవడమే. వెతకాల్సింది ఫలానావారు అని పేరు పెట్టి రాసుకోకపోతే క్లీనరు సిబ్బందిని, సిబ్బంది భద్రతా ఉద్యోగిని నమ్ముకుని ఎవరూ వెతకకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ప్రయాణికులుగా మన వంతు చాలా తేలిక. దిగేముందు మన సీటు, జేబు, అర ఒకసారి చూసుకుందాం. మనం మరిచిన సంచీ వెనక వచ్చేవాళ్ళ విమానాన్ని గంటల తరబడి ఆపగలదు. పక్క సీటువాళ్ళు ఏదైనా వదిలి దిగిపోతుంటే సిబ్బందికి చెబుదాం. మధ్యలో ఆగినచోట బ్యాగు ఎవరిదని అడిగితే విసుక్కోకుండా చెయ్యెత్తి నాదని చెబుదాం.